సున్న ఎక్కడ పెట్టాలి

నాకు రాయడం రాదని పూర్తిగా అనలేను. నా పేరు రాస్తాను. సున్న బాగా పెడతాను. మిగతా అక్షరాలు చూస్తే గుర్తుపడతాను గానీ చేతికి రావు. అందుకే ఇది నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. మధ్యమధ్యలో పెన్ను ఆపి, "అమ్మా, ఇది గూడా రాయాల్నా?" అంటోంది. అన్నీ రాయమన్నాను.

మొన్నటి గురువారంతో మొదలుపెడతాను. నేను సీబ్‌లో ఒక అరబ్బు ఇంట్లో వంట చేస్తాను. ఈ అరబ్బు దేశం వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. గురువారం మధ్యాహ్నం వంట అయ్యాక బస్సెక్కి హమ్రియాలో కూతురింటికి వస్తాను, శుక్రవారం సాయంత్రం తిరిగి పోతాను. అల్లుడు కింద సందులోనే దర్జీ. మనవరాలు ఇక్కడే పుట్టింది, ఇండియా వాళ్ళ బళ్ళో మూడో తరగతి చదువుతోంది. ఇక్కడ బడికి సెలవు శుక్ర, శనివారాలు, ఆదివారం కాదు. నేను వచ్చే వేళకు అది మెట్ల మీద కూర్చుని ఉంటుంది. నా ముఖం కంటే ముందు నా సంచీ చూస్తుంది. సీబ్‌లో మా ఇంటావిడను మేము మామా అంటాం. ఆమె పెట్టి పంపిన ఖర్జూరాలో, హల్వా ముక్కో ఆ సంచీలో ఉంటాయని దానికి తెలుసు.

ఆ గురువారం అది మెట్ల మీద లేదు. ఇంట్లోకి పోతే బీరువాకూ గోడకూ మధ్య సందులో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. ఏసీ నీళ్ళు కారి అక్కడ గోడ ఉబ్బి, ఒక రకం తడి వాసన వస్తుంది. ఆ తడికి వీపు ఆనించి కూర్చుంది.

కూతురు నా చేతికి ఒక కాగితం ఇచ్చింది.

"చూడు నీ మనవరాలి ఘనకార్యం. లెక్కల టెస్టులో పదికి సున్న. తప్పు రాసినా ఏదో అనుకోవచ్చు. ఒక్కటి గూడా రాయలా. తెల్లకాగితం ఇచ్చి వచ్చింది."

కాగితం మీద ఎర్రసిరాతో కోడిగుడ్డంత సున్న, దాని కింద రెండు గీతలు. మిగతాది నాకు అర్థం కాలేదు గానీ ఆ సున్నను మాత్రం నేను గడగడా చదివేశాను.

"ఆదివారం మళ్ళీ పెడతారంట ఇదే టెస్టు," అంది కూతురు. "ఇది పోనంటాంది. పోకుంటే ఊరికి పంపిచ్చా. కడపలో హాస్టల్లో ఏచ్చా. ఆడ తెలుచ్చాది."

సందులోంచి మనవరాలి గొంతు వచ్చింది. "పంపించు. యాడైనా అంతే. నేను బండ కదా."

"ఎవురన్నార్రా నిన్ను బండ అని?" అన్నాను.

అది తల్లి వైపు చూసింది. నా కూతురు చీర కొంగు సర్దుకుంటూ వంటింట్లోకి పోయింది. ఇప్పుడు ఈ మాట రాసేటప్పుడు కూడా, "ఇది గూడా రాయాల్నా?" అని అడిగింది. రాయమన్నాను.

బండ అన్న మాట వినగానే నా అరికాళ్ళకు చల్లగా తగిలినట్టయింది. అరవై ఏళ్ళు మీద పడుతున్నాయి, అయినా ఆ చల్లదనం పోలేదు.

మాది నాపరాళ్ళ ఊరు. తవ్వితే మన్ను తక్కువ, రాయి ఎక్కువ. ఆ రాయి రొట్టెలు పేర్చినట్టు పొరలు పొరలుగా ఉంటుంది. పొరకూ పొరకూ మధ్య ఉలి పెట్టి చీల్చి బండలు తీయడమే మా ఊరి బతుకు. ఇంటి నేల బండ, ఇంటి గోడ బండ, ఇంటి కప్పు బండ. మేకల దొడ్డికీ బండలే, కుడితి తొట్టికీ బండలే. ఎండాకాలం సాయంత్రం మా అమ్మ వాకిట్లో బండల మీద చెంబుతో నీళ్ళు చల్లితే ఆవిరితో పాటు ఒక వాసన లేచేది. తడిసిన సుద్ద వాసన లాంటిది. దాంట్లో ఇంత రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి వాసన కలిసేది. ఆ వాసన ఉన్నంతసేపు ఇంట్లో ఎవరూ ఎవరినీ తిట్టేవాళ్ళు కాదు.

మా నాయన గనిలో బండలు లేపేవాడు. బండ లేపాక సుత్తి కర్రతో దాన్ని ఒక దెబ్బ కొట్టి చెవి పెట్టి వినేవాడు. కణ్‌మని మోగితే మంచి బండ. మోగకుండా మొద్దుగా పలికితే లోపల ఎక్కడో పగులు ఉందన్నమాట. దాన్ని మూగబండ అనేవాళ్ళు. పైకి చూస్తే రెండూ ఒకటే నలుపు, ఒకటే నునుపు. చెవి పెడితేనే తేడా. మూగబండను పక్కకు తోసేవాళ్ళు, అది మురికి కాలవ మీద మూతకు పోయేది.

బడి కూడా బండలదే. ఒక్క గది, ఒక్క అయ్యవారు, ఐదు తరగతులు. ఆయన పక్క ఊరి నుంచి సైకిలు మీద వచ్చేవాడు. చెడ్డవాడు కాదు. అంతమంది పిల్లల మధ్య ఆయన గొంతు పదిగంటలకే బొంగురుపోయేది. నేను రెండో తరగతి. వెనక వరసలో గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని.

నాకు నోరు వచ్చేది కాదు. మూగదాన్ని కాదు, ఇంటి దగ్గర మేకల మీద అరిచేదాన్ని, తమ్ముడితో కొట్లాడేదాన్ని. కానీ అయ్యవారు "నువ్వు చెప్పు" అనగానే నాలుక అంగిలికి అతుక్కునేది. ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది. ఇంట్లో నన్ను ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు, చెప్పేవాళ్ళు. నీళ్ళు తే. మేకను కట్టు. తమ్ముణ్ణి ఎత్తుకో. అడిగితే బదులు చెప్పాలన్న సంగతే నాకు బళ్ళో తెలిసింది. అప్పటికే ఆలస్యమైంది.

దానికి తోడు నా పలక పగిలింది. బొగ్గూ ఆకుపసరూ కలిపి రుద్ది నల్లగా చేసి ఎండబెట్టాను, మేక తొక్కింది. ఇంకో పలక కావాలంటే మా నాయన నవ్వాడు.

"బండలూర్లో పుట్టి పలక కొంటామా మే?" అని గని నుంచి ఒక పలచని పొర తెచ్చి, నాలుగు మూలలూ అరగదీసి నా చేతికి ఇచ్చాడు. బలపంతో గీస్తే తెల్లగా, అందంగా పడేది అక్షరం. కానీ బరువు. రెండు చేతులా పొట్టకు ఆనించుకుని మోసుకుపోవాలి. బళ్ళో పిల్లలు పడీపడీ నవ్వారు. "బండ బండను మోసుకొచ్చాండాది చూడండ్రా!"

ఒకరోజు అయ్యవారు ఎక్కాలు అడిగాడు. నేను లేచి నిలబడ్డాను, నోరు తెరవలేదు. ఆయన చాలాసేపు చూశాడు. చివరకు విసిగిపోయి, "మూగబండ," అన్నాడు. నా బండపలక తీసుకుని దాని నిండా ఒక సున్న చుట్టాడు. "ఇంత పెద్ద సున్న పట్టే పలక బడి మొత్తానికీ నీ ఒక్కదానిదే," అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఆయనకు అది హాస్యం. మా ఊళ్ళో మూగబండ అంటే ఏమిటో ఆ పక్క ఊరాయనకు అంతగా తెలియదు. నాకు తెలుసు. లోపల పగులున్నది. కాలవ మీదకు పోయేది.

మర్నాడు బడికి పోలేదు. పోతున్నట్టు బయల్దేరి, దారి తప్పించి గనిలో పేర్చిన బండల వరసల వెనక దూరాను. మూడు రోజులు అక్కడే. బలపం కొరుక్కుని తిన్నాను. తొండలకు ఎక్కాలు అప్పజెప్పాను. వాటి ముందు గడగడా వచ్చేవి. ఆ రెండో ఎక్కం, మూడో ఎక్కం అన్నీ నాకు వచ్చునని తొండలకు తప్ప ఎవరికీ తెలియదు.

కానీ మధ్యాహ్నం అయ్యేసరికి ఉప్మా వాసన వచ్చేది. బళ్ళో పిల్లలకు పసుపుపచ్చని నూకతో ఉప్మా చేసి పెట్టేవాళ్ళు. దాంట్లో ఏమీ ఉండదు, నూనె వాసన, ఉప్పు, అడుగంటిన చెక్క. ఆ అడుగుచెక్క కోసం తన్నుకునేవాళ్ళం. పాఠానికి పోనిదాన్ని ఆ వాసనకు ఆగలేక పోయి వరసలో నిలబడ్డాను. మొదటి రోజు పెట్టారు. రెండో రోజు పెట్టారు. మూడో రోజు వండే పెద్దమ్మ గరిటె ఎత్తి నా చెయ్యి ఆపింది.

"ఏమ్మే, పొద్దున బళ్ళో కనపడవు, మద్దేన్నం ఉప్మాకు మాత్రం ముందుంటావే. ఏం కథ?"

అందరూ తిని పోయాక నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి అడుగుచెక్క మొత్తం నా ముందు పెట్టింది. అది తింటుంటే ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు నోరు కూడా వచ్చింది.

"నాకు సున్న ఇచ్చినాడు అయ్యవారు."

"ఇయ్యనీ. ఇచ్చినదాన్ని యాడ పెట్టుకున్న్యావు?"

నాకు అర్థం కాలేదు.

"సున్న చేతిలో పట్టుకోని ఏడిచ్చే ఏం లాభం మే? దాన్ని పెట్టాల్సిన చోట పెట్టాల." ఆమె పొయ్యిలోంచి బూడిద లాగి నేల మీద పరిచింది. వేలితో రెండక్షరాలు రాసింది. "ఇదేంది?"

"బడి."

"బ పక్కన సున్న పెట్టు."

పెట్టాను. బండి అయింది.

నేను దాన్ని చూసి, ఆమె ముఖం చూసి, మళ్ళీ బూడిద చూశాను. కదలకుండా ఉన్న బడి కదిలిపోయే బండి అయింది, ఆ సున్నతోనే. ఆమె బూడిద చదును చేసి పడు అని రాసింది. సున్న పెడితే పండు. పడగ అని రాసింది. ఆ పాముకు నేను భయంభయంగా సున్న పెడితే పండగ అయింది. అప్పుడు నేను నవ్వాను. అడుగుచెక్క నోట్లో ఉండగానే నవ్వాను, పొలమారింది.

ఆ పెద్దమ్మ ఏ తరగతీ చదవలేదు. ఎవరింట్లోనో పిల్లల్ని ఆడించే పనికి కుదిరి, వాళ్ళ పాఠాలు వింటూ అంతమాత్రం నేర్చుకుందట. ఆమెకు వచ్చిన మాటలు ఆ నాలుగో ఐదో. అవన్నీ నాకు ఇచ్చేసింది.

సాయంత్రం గనిలో బండల వెనక నుంచి బయటికి వస్తుంటే మా నాయన ఎదురుగా బండ మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఆయన పనిచేసే గనిలోనే దాక్కున్నానన్న ఆలోచన నాకు మూడు రోజులుగా లేదు.

"ఏమ్మా అయ్యవారమ్మా, తొండలు బాగా చదువుతాండాయా?" అన్నాడు.

మొదటి రోజే చూశాడట.

"నాయనా, అయ్యవారు నన్ను మూగబండ అన్న్యాడు."

ఆయన బీడీ పారేశాడు. నన్ను దగ్గరికి లాక్కుని, వేలు మడిచి నా నెత్తి మీద టక్కున కొట్టాడు. తర్వాత నా తల మీద చెవి ఆనించాడు. బండను విన్నట్టే, కళ్ళు మూసుకుని. ఆయన ఒంటి మీద రాతిపొడి, చెమట, బీడీ వాసన. చాలాసేపు విన్నాడు.

"మోగతాంది," అన్నాడు. "యాడా పగుల్లేదు. రేపు బడికి పో."

పోయాను. ఎక్కాలు వెంటనే నోటికి వచ్చాయని చెప్పను, రాలేదు. కానీ సున్న ఆట మొదలైంది. నా పక్క పిల్లకు చెప్పాను, అది దాని పక్కదానికి చెప్పింది. కనిపించిన మాటకల్లా సున్న పెట్టి చూసేవాళ్ళం. అయ్యవారి పేరుకు కూడా పెట్టి చూశాం. ఏమొచ్చిందో ఇక్కడ చెప్పను, ఆయన పోయి చాలా ఏళ్ళయింది. బండపలక ఇప్పుడు అందరికీ కావాలి, ఎంత రాసినా చోటు ఉంటుంది కదా. వాళ్ళ బలపం ముక్కలు నాకు లంచం.

ఆ చలికాలం బడికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ముందు రోజే నేల అంతా కడిగించారు. బాగా చదివే పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టి, అయ్యవారు వాళ్ళతో అన్నీ వల్లె వేయించాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి ముందు వరస వైపు చూడనే లేదు. తిన్నగా వెనక్కి నడిచాడు. నా బండపలక చూసి ఆగాడు.

"ఏం పాపా, పదికి సున్న పెడితే ఏమవుతుందో చెప్పు."

అయ్యవారి ముఖం చూడాలి. రక్తం లేదు. నేను లేచాను. జీవితంలో మొదటిసారి, అడిగిన ప్రశ్నకు బదులు నాకు తెలుసు. పది రోజుల కిందటే పలక మీద పెట్టి చూశాను. గొంతెత్తి అరిచాను.

"పంది!"

బడి మొత్తం గొల్లుమంది. అయ్యవారు కుర్చీలో కూలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. కళ్ళద్దాలు పైకి తోసుకుని, "ఎట్లా?" అని అడిగాడు.

ఎట్లా అని అడిగాడు చూడండి, అక్కడే ఉంది అంతా. కూర్చో అనలేదు. నేను పోయి నల్లబల్ల మీద ప, ది అని రాసి, మధ్యలో సున్న పెట్టి పక్కకు జరిగాను. ఆయన దాన్ని కాసేపు చూశాడు.

"పిల్ల చెప్పింది తప్పు కాదండీ," అన్నాడు అయ్యవారితో. "నేను అంకె అడిగాను, తను అక్షరంలో చెప్పింది." మళ్ళీ నా వైపు తిరిగాడు. "సరే, అంకెలో పది రాసి, దాని పక్కన పెట్టు. ఇప్పుడు?"

"నూరు."

"మరి ఇంత తెలిసినదానివి వెనక ఎందుకు కూర్చున్నావు?"

ఆయన ఆ రోజు మాతో పాటు విస్తరి వేసుకుని ఉప్మా తిన్నాడు. పెద్దమ్మ అడుగుచెక్క ఆయనకు వేయబోయి, నన్ను చూసి, మనసు మార్చుకుంది.

ఆ తర్వాత నన్ను మూగబండ అన్నవాళ్ళు లేరు. పంది అన్నారు. మూగబండ అంటే ఏడుపొచ్చేది, పంది అంటే నాకూ నవ్వొచ్చేది. అయ్యవారు నన్ను ముందు వరసకు మార్చాడు. ఆయనే ఒకసారి, ఎవరూ వినకుండా, "ఆ సున్న నేను అట్లా పెట్టి ఉండకూడదు," అన్నాడు. పెద్దవాళ్ళు పిల్లలతో అట్లా మాట్లాడతారని నాకు అప్పటిదాకా తెలియదు.

మూడో తరగతితో నా చదువు ఆగిపోయింది. నాయనకు దగ్గు మొదలైంది. రాతిపొడి అంతే, మెల్లగా తింటుంది. అమ్మ గనికి పోవాల్సి వచ్చింది, తమ్ముళ్ళను చూసేదానికి నేను ఇంట్లో ఉండాల్సి వచ్చింది. ఎవరినీ తప్పు పట్టను. తర్వాత నా మొగుడూ అదే దగ్గుతో పోయాడు. కూతుర్ని మా అక్క దగ్గర పెట్టి నేను ఈ దేశం వచ్చాను.

వచ్చిన మొదటి రంజాన్ నెలలో ఒక పని జరిగింది. మామా గోధుమలూ మాంసమూ కలిపి హరీస్ వండించి, గిన్నెలో పోసి, ఏ ఇంటికి ఇవ్వాలో నెంబరు కాగితం మీద రాసి ఇచ్చింది. ఒకటీ, పక్కన గుండ్రంగా సున్నా. పది అనుకుని గేట్లు లెక్కపెట్టుకుంటూ పోయి పదో ఇంట్లో ఇచ్చి వచ్చాను. వాళ్ళు సంతోషంగా తీసుకున్నారు, గిన్నె నిండా ఖర్జూరాలు వేసి పంపారు కూడా. సాయంత్రం మామా వాళ్ళ అక్క ఫోను చేసి, ఈ ఏడు మాకు హరీస్ లేదా అని అడిగింది. ఆమె ఇల్లు పదిహేను.

ఇక్కడి అరబ్బీ అంకెల్లో ఐదును మన సున్న లాగే గుండ్రంగా చుడతారు. సున్నను ఒక చుక్కగా పెడతారు. నాకేం తెలుసు? మామా తిడుతుందని నిలబడ్డాను. ఆమె కడుపు పట్టుకుని నవ్వి, గోరింటాకు చెయ్యి నా ముఖం ముందు పెట్టి ఐదు వేళ్ళూ చాచింది. "ఖంసా," అంది. మా ఊళ్ళో అయ్యవారు నా బండ నిండా చుట్టినది ఈ దేశంలో ఐదు అని తెలిసి నాకూ నవ్వు ఆగలేదు.

ఇదంతా ఆ గురువారం సాయంత్రం బీరువా పక్కన నేల మీద కూర్చుని మనవరాలికి చెప్పాను. సందులోకి నేను పట్టను, అందుకని బయట కూర్చున్నాను. పంది దగ్గరికి వచ్చేసరికి అది సందులోంచి సగం బయటికి వచ్చింది. ఖంసా దగ్గరికి వచ్చేసరికి మొత్తం వచ్చి నా సంచీ విప్పింది.

"అవ్వా, అదే గదా అరబ్బీ క్లాసులో మొదట నేర్పేది. నీకు తెలీదా?" అంది హల్వా నములుతూ.

అయితే ఆదివారం పోతావా అంటే మళ్ళీ ముఖం మాడ్చుకుంది. నవ్వించినంత మాత్రాన లెక్క వస్తుందా? రాదు. నాకు తెలుసు.

మామాకు ఫోను చేశాను. మనవరాలికి బళ్ళో కష్టంగా ఉంది, ఆదివారం సాయంత్రం వస్తానని నా వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. "రెండు రోజులు నేనే వండుతాలే, తింటే ఎవరూ చావరు," అంది ఆమె. వెనక నుంచి వాళ్ళ పెద్దకొడుకు ఏదో అరిచాడు, అది వేరే సంగతి.

శుక్రవారం పొద్దున అల్లుడు ఖురియాత్ రేవు చేపలు తెచ్చాడు. పులుసుకు చింతపండు నానబెట్టి, మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"ఆ లెక్క ఏందో నాకు నేర్పు. నేను మూడో తరగతితో ఆపినా గదా, నువ్వు మూడో తరగతే గదా."

అది నోటుబుక్కు తెచ్చింది. ఐదు వందల్లోంచి రెండు వందల ముప్పై ఆరు తీసేయాలి. "చూడవ్వా. సున్నలోంచి ఆరు తియ్యాల. తియ్యలేం. పక్కన అడగాల. పక్కన గూడా సున్నే ఉంది. ఆడ ఏం లేదు. నేను ఆడ ఆగిపోతా. అన్ని లెక్కలూ అట్లనే ఇచ్చింది మిస్."

"అందుకా ఒక్కటీ రాయలా?"

"తప్పు రాచ్చే నవ్వుతారు. రాయకుంటే నవ్వరు."

గోడకు ఆనుకుని కూర్చున్న ఆ పిల్ల నాకు తెలిసిన పిల్లే. కానీ లెక్క నాకూ రాలేదు. లేచి పులుసు పని చూసుకున్నాను. చూస్తే కరివేపాకు లేదు.

"పోయి చేచి దగ్గర నాలుగు రెమ్మలు అడిగి తేపో," అన్నాను. మా అంతస్తులో మూడే తలుపులు. మాది ఈ చివర, మధ్యలో కేరళ చేచిది, ఆ చివర హైదరాబాదు ఆపాది. ఆపా బాల్కనీ కుండీలో కరివేపాకు ఇంత గుబురుగా పెంచుతుంది.

అది పోయింది. చాలాసేపు రాలేదు. వరండాలో మాటలు వినిపించాయి. "అయ్యో మోళే, నా దగ్గరా లేదు. ఆగు, నాకూ కావాలి, ఆపాను అడుగుతా." తర్వాత ఆపా గొంతు, "ఎంత కావాలో తీస్కో చేచీ, కుండీ నిండా ఉంది. బేటీకి కూడా ఇవ్వు."

మనవరాలు రెమ్మలు పట్టుకుని వచ్చింది. నేను ఊరికే అడిగాను. "చేచి దగ్గర లేదంటే మరి నువ్వు తిరిగి రాలేదే?"

"ఆమె ఆపాను అడిగింది. ఆడ తెచ్చుకోని, కొంచెం తనకు ఉంచుకోని, నాకు..."

అక్కడ ఆగిపోయింది. కరివేపాకు అట్లాగే చేతిలో ఉంది. నా ముఖం చూస్తోంది గానీ నన్ను చూడడం లేదు.

"అవ్వా. మనం సున్న. చేచి సున్న. ఆపా ఐదు!"

కరివేపాకు పొయ్యి గట్టు మీద పడేసి నోటుబుక్కు మీద పడింది. ఆపా ఐదులోంచి ఒకటి చేచికి ఇచ్చింది, ఆపాకు నాలుగు మిగిలాయి. చేచికి పది అయ్యాయి. చేచి మనకు ఒకటి ఇచ్చింది, మనకు పది అయ్యాయి. గబగబా తీసేసి నాకు చూపించింది. రెండు వందల డెబ్భై నాలుగు. వెనక పేజీల్లో జవాబు చూసుకుని ముఖం వేలాడేసింది.

"తప్పు. చూసినావా? నాకు రాదు."

నేను కాగితం చూసి ఏం చెప్పగలను? నాకు తెలిసింది నేను అడిగాను. "చేచికి పది వచ్చినాయంటివి. నీకు ఒకటి ఇచ్చినాక గూడా ఆమె దగ్గర పది ఎట్లుంటాయి మే? ఆమె ఇంట్లో ఏమన్నా చెట్టుందా?"

అది ఒక్క క్షణం చూసి, కిలకిలా నవ్వి, పదిని కొట్టేసి తొమ్మిది చేసింది. రెండు వందల అరవై నాలుగు. సరిపోయింది. చేపల పులుసులో కరివేపాకు వేయడం నేను మర్చిపోయాను. అల్లుడు తింటూ, "ఏందత్తా, ఈరోజు రుచి తేడాగా ఉంది," అన్నాడు.

శనివారమంతా అది చేసింది. కొన్ని తప్పాయి, కొన్ని కుదిరాయి. తప్పినప్పుడల్లా "ఎట్లా చేసినావు?" అని అడిగాను. ఆ ఒక్క మాటే నాకు తెలిసిన పాఠం. అది చెబుతూ చెబుతూ తన తప్పు తానే పట్టుకునేది. చూస్తూ చూస్తూ నా కూతురు కూడా వచ్చి కూర్చుంది. ఒక లెక్క తప్పినప్పుడు దాని నోటి దాకా ఏదో మాట వచ్చింది, నా వైపు చూసి మింగేసింది.

ఆదివారం పొద్దున మనవరాలు బూట్లు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడిపోయింది. వ్యాను కింద హారను కొడుతోంది. "అవ్వా, నవ్వుతారేమో," అంది.

"నవ్వనీ. నువ్వు మాత్రం తెల్లకాగితం ఇయ్యద్దు. పంది అని అయినా రాసి రా."

పోయింది.

నేను సీబ్ బస్సు ఎక్కకుండా అది వచ్చే దాకా కూర్చున్నాను. రెండింటికి మెట్ల మీద అడుగుల చప్పుడు. ముఖంలో ఏమీ లేదు. నోటుబుక్కులోంచి చించిన కాగితం మడత తల్లి చేతికి ఇచ్చి, "మార్కులు," అంది. నా కూతురు విప్పి చూసి, మంచం మీద కూర్చుండిపోయింది. నేను పోయి తొంగి చూశాను. కాగితం మధ్యలో గుండ్రంగా ఒక సున్న.

ఎర్రసిరా కాదు, పెన్సిలు. గుండ్రం కూడా మా మనవరాలి చేతిదే.

నేను మనవరాలిని చూశాను. అది పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటోంది.

"అది సున్న గాదు లేవే," అన్నాను కూతురితో. "ఖంసా."

మనవరాలు గట్టిగా అరిచి సంచీలోంచి అసలు కాగితం తీసింది. ఎర్రసిరాతో పదికి ఐదు. మిస్ పక్కన ఏదో రాసింది, కూతురు చదివి వినిపించింది. ఐదు తప్పయ్యాయట, అయినా అన్నీ ప్రయత్నించినందుకు సంతోషమట. నా కూతురు నవ్వాలో దాన్ని కొట్టాలో తెలియక, దగ్గరికి లాక్కుని వీపు మీద ఒకటి వేసి, ఆ చెయ్యి అక్కడే ఉంచేసింది. హాస్టలు మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తదని కాదు. ఇంకో ఐదు ఉన్నాయి కదా సంపాదించాల్సినవి.

నేను సంచీ సర్దుకుంటూ దాన్ని పిలిచాను. వేలు మడిచి నెత్తి మీద టక్కున కొట్టి, చెవి ఆనించాను. షాంపూ వాసన, ఎండ వాసన, వ్యాను సీటు వాసన. రాతిపొడి వాసన లేదు. మా గని ఇప్పుడు నీళ్ళతో నిండి ఉందట, బడికి కొత్త కట్టడం వచ్చిందట, ఆ పెద్దమ్మ పోయిందట. నా బండపలక ఏ ఇంటి నేలలో కలిసిపోయిందో. అవన్నీ ఆ ఒక్క క్షణంలో విన్నాను.

"మోగతాంది," అన్నాను.

"ఆగు, నీది చూచ్చా." అది మంచం మీదికి ఎక్కి, చిన్న వేలు మడిచి నా నెరిసిన నెత్తి మీద కొట్టింది. తర్వాత చెవి ఆనించి కళ్ళు మూసుకుంది. నాయన తర్వాత నన్ను అట్లా విన్నవాళ్ళు లేరు. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను, ఏమంటుందో అని. ఇంత వయసులో.

చాలాసేపు విని, "ఇది గూడా మోగతాంది అవ్వా," అంది.